నా మనవని ముక్కులో గొట్టం

మిలిటరీలో ఉండే నా మనవడు అన్నం మానేసినాడని కబురొచ్చినప్పుడు నేను ధర్మవరంలో మగ్గం కాడ కండెలు చుడుతా ఉన్నాను. అమ్మానాయన లేని పిల్లోడు, సాకింది నేనే. పై ఆఫీసరు ఇంట్లో గుడ్డలు ఉతకనన్నాడంట. ఆఫీసరు మీద చెయ్యి చేసుకున్నాడని నేరం కట్టి లోపలేసినారు. "నేను కొట్టలేదు. విచారణ పెట్టండి, అంతదాకా మెతుకు ముట్టను" అని వీడు మొండికేసినాడు.

రైలెక్కి పోయినాను. వాళ్ల ఆసుపత్రిలో వాణ్ణి మంచానికి పట్టీలతో కట్టేసి ఉన్నారు. పూటపూటకూ ముక్కులోంచి కడుపులోకి గొట్టం దించి, పాలు పోసి తీసేస్తాండారంట. ముక్కు కింద నెత్తురు ఎండిపోయి ఉండాది. మా ఇంట్లో ఎద్దు మేత ముట్టకపోతే వెదురు గొట్టంతో గంజి పోసేవాళ్లం. దానికైతే నోరు లేదు. వీడు తెలుగులో, హిందీలో చెప్తానే ఉన్నాడు కదా!

డాక్టరు హిందీలో చెప్పిన మాటను అక్కడి తెలుగు నర్సు నాకు తెలుగులో చెప్పింది. "అవ్వా, ఈ నిమ్మరసం నీ చేత్తో ఇయ్యి. నువ్విస్తే తాగుతాడు. గొట్టం బాధ తప్పుతుంది."

పక్కన వాళ్ల మనిషే ఒకాయన ఫోటో తీసేదానికి ఫోను ఎత్తి పట్టుకున్నాడు.

అనంతపురం కలెక్టరాఫీసు ముందర నీళ్లకోసం అన్నం మాని టెంట్లేసి కూచున్నోళ్లను ఎంతమందిని చూడలేదు నేను! అడిగింది ఒప్పుకున్నాకే పెద్దమనిషి వచ్చి నిమ్మరసం ఇస్తాడు. ఈ ఫోటో పడితే వీని గొడవ తీరిపోయినట్లే లెక్క.

"విచారణ పెడతామన్నారా?" అన్నాను.

"అది వీళ్ల చేతుల్లో లేదంట."

"మరి గొట్టమెవరి చేతుల్లో ఉండాది?"

నర్సు ఆ మాట వాళ్లకు చెప్పనే లేదు.

"అవ్వా, నువ్విస్తే కాదనలేను. ఇయ్యొద్దు" అన్నాడు మనవడు.

వాని బుగ్గలు గుంటలు పడిపోయినాయి. తాగితే బతుకుతాడని ఒక మనసు. చెయ్యని తప్పు ఒప్పుకున్నట్ల బయటికొస్తే తలెత్తుకుంటాడా అని ఇంకో మనసు.

గ్లాసెత్తి నేనే గటగటా తాగేసినాను. పారబోసేదానికి చేతులు రాలేదు, చక్కెర బాగానే వేసినారు.

"ఇప్పుడు తీసుకో అప్పా ఫోటో" అన్నాను ఆ ఫోను పట్టుకున్నాయనతో.

రెక్క పట్టి నన్ను బయటికి నెట్టినారు. తలుపు మూసినారు. కాసేపటికి లోపల గొట్టం సామాన్ల బండి తోసే చప్పుడు, మంచం మీద గుంజులాడే చప్పుడు. వాడు ఏడవలేదు. విచారణ, విచారణ అని అరిచినాడు, గొట్టం గొంతులోకి దిగేదాకా.