మా ఆయన మొదటి పెండ్లి ఫొటో

ఒక ఆదివారం మధ్యాహ్నం, పాప పడుకున్న గంటన్నరలో, నేను నా సంసారాన్ని విడాకుల గడప దాకా నడిపించుకుంటూ తీసుకుపోయాను. ఎవరూ సాయం చేయలేదు. అంతా నా డిగ్రీ చదువు, నా సొంత తెలివి. అప్పటికి మాకు పెళ్లయి రెండేళ్లు, పాపకు ఎనిమిది నెలలు. పాప తుమ్మితే న్యుమోనియా అనీ, మా ఆయన రెండుసార్లు ఫోన్ ఎత్తకపోతే దవాఖానలో ఉన్నాడనీ అనుకునే రోజులవి. అలాంటి మనిషి చేతికి ఎవరూ టీవీ రిమోట్ ఇవ్వకూడదు.

ఆ రోజు సిద్దిపేటలోని మా కిరాయి ఇంట్లో నేను, మా ఆయన శ్రీకాంత్ కలిసి ఒక సినిమా చూశాం. పరలోకంలో జరిగే ప్రేమకథ, పొట్ట చెక్కలయ్యేలా నవ్విస్తుందన్నారు. ఒక ముసలావిడ చనిపోయి పైకి వెళ్లి, వెళ్లగానే పడుచుపిల్ల అయిపోతుంది. (ఆ ఒక్క సౌకర్యం నాకు బాగా నచ్చింది.) పదేళ్ల ముందే పోయిన మొగుణ్ణి వెతుక్కుంటూ మబ్బుల్లో తిరిగితే, ఆయన ఇంకొకామెతో కలిసి హాయిగా టీ కొట్టు నడుపుకుంటూ కనిపిస్తాడు. "నేను ఈయన మొదటి భార్యను. ఇక్కడ ముందు తాళి కట్టించుకున్నవాళ్లదే హక్కు" అంటుంది ఆ ఇంకొకామె, గ్లాసులు కడుగుతూ. లోకమంతా నవ్వే చోట నేను దిండు కరుచుకుని కూర్చున్నాను.

సినిమా అయిపోయాక ఊరికే, నిజంగా ఊరికే అడిగాను.

"ఏమయ్యా, నాకంటే ముందు నీకు ఎవలతోనన్న పెండ్లయిందా?"

'లేదు' అనడానికి ఎంతసేపు పడుతుంది? మీరే ఒకసారి అని చూడండి. మా ఆయన మాత్రం ముందు ఫ్యాన్ వైపు చూశాడు. తర్వాత బొటనవేలి గోరు చూసుకున్నాడు. చివరికి "చాయ్ తాగుదమా?" అన్నాడు.

అప్పుడే వంటింట్లో మా అత్తమ్మ చేతిలోంచి గంటె కింద పడింది.

"ఏమైంది అత్తమ్మా?"

"ఏం గాలే బిడ్డా. గవన్ని ఎందుకిప్పుడు, అయిపోయిన ముచ్చట."

విన్నారుగా. నేను అడిగింది గంటె గురించి.

మా ఆయన పాలప్యాకెట్ తెస్తానని బయటికి పోయాడు. నేను బీరువా తెరిచి, చీరల కింద పడి ఉన్న ఆయన పాత ఫోన్ తీసి చార్జింగ్ పెట్టాను. పోలీసు కుక్క కూడా అంత త్వరగా పని మొదలుపెట్టదు. ఐదు నిమిషాల్లో ఫొటో దొరికింది. మా పెళ్లికి పదిరోజుల ముందు తీసింది. మా ఆయన పీట మీద కూర్చున్నాడు. నుదుటన బాసింగం, భుజాల మీద తలంబ్రాలు. పక్కన ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒకామె, తల నిండా ముసుగు, పైనుంచి పూలదండ. తీసినవాళ్ల చెయ్యి వణికిందో ఏమో, అంతా మసకగా ఉంది.

వేళ్లతో పెద్దది చేసి చూశాను. ముఖం కనిపించలేదు. నడుము మాత్రం కనిపించింది, అంటే అసలు లేదని కనిపించింది. కాన్పు తర్వాత పన్నెండు కిలోలు పెరిగిన ఆడదానికి చూపించదగిన ఫొటో కాదది.

ఫోన్ తీసుకెళ్లి అత్తమ్మ ముందు పెట్టాను. ఆమె చూసి కింద కూలబడింది.

"నన్నడగకు బిడ్డా. ఎవ్వలకు చెప్పద్దని పంతులు అన్నడు."

పంతులు కూడా ఉన్నాడంటే పక్కా పెళ్లే. వెంటనే కోహెడలో ఉన్న మా బాపుకు ఫోన్ చేశాను.

"బాపూ, నన్ను రెండో పెండ్లాంగ ఇచ్చినవు గదా."

"ఎవలన్నరు బిడ్డా?"

"ఫొటో దొరికింది."

బాపు రెండో మాట అడగలేదు. "బట్టలు సదురుకో. మీ అమ్మను తీస్కొని వస్తున్న" అన్నాడు.

నేను సర్దడం మొదలుపెట్టాను. నావి రెండు చీరలు, పాపవి ఇరవై డైపర్లు. ఇంతలో మా ఆయన పాలప్యాకెట్‌తో వచ్చి, మంచం మీద ఫోన్ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఆమె పేరేంది?" అన్నాను.

"పేరు లేదు."

"పేరు లేని మనిషుంటదా? ఏ ఊరు?"

"నంగునూరు. మా మేనమామ పొలం కాడ."

"పొలంల ఏం చేస్తుండె?"

మా ఆయన వంటింటి వైపు చూశాడు. అక్కడ అత్తమ్మ నోటి మీద వేలు పెట్టి నిలబడి ఉంది. "ఏం చెయ్యకుండె" అన్నాడు నీరసంగా.

పని చేయదు, తిండి తినదు, సన్నగా ఉంటుంది. ఇలాంటామెతో నేను పోటీ పడేదెలా? అందులో ఆమెదే ముందు తాళి. ఈ లోకంలో మొగుణ్ణి పంచుకోవడం ఒక ఎత్తు. చచ్చి పైకి పోయాక కూడా వాళ్లిద్దరూ చాయ్ అమ్ముకుంటుంటే, నేను చంకలో డైపర్ల సంచితో మబ్బుల్లో తిరగాలా? పాపను ఎత్తుకుని ఏడ్చాను. పాప లేచి అది కూడా ఏడ్చింది.

నాలుగున్నరకు కోహెడ బస్సు దిగి బాపు, అమ్మ వచ్చారు. బాపు కూర్చోలేదు, ఇచ్చిన మంచినీళ్లు ముట్టలేదు. ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"అల్లుడా, ఒక్కటే మాట అడుగుత. గీ ఫొటోల ఉన్నామె ఇప్పుడేది?"

"లేదు మామా."

"ఏమైంది?"

మా ఆయన తల ఇంకా కిందికి దించాడు. "నరికిన."

బాపు గోడ పట్టుకున్నాడు. నేను పాప చెవులు మూశాను.

"నరకాలని పంతులే చెప్పిండు మామా. నాకు కుజదోషం ఉన్నదట. మొదటి పెండ్లాం బతకదన్నరు. గందుకే అరటిచెట్టుకు చీర గట్టి, పుస్తె గట్టి, నరికిన. మీకు తెలిస్తే పిల్లనియ్యరని మా అవ్వ చెప్పద్దన్నది."

నేను ఫోన్ లాక్కుని మళ్లీ చూశాను. ముసుగు పైన ఆకుపచ్చగా ఏదో కొస కనిపిస్తోంది. రెండు గంటలుగా నేను కుళ్లుకుంటున్న ఆ నడుము అరటి బోదెది.

"నరికి ఏం జేసిన్రు?" అన్నాడు బాపు, ఇంకా అనుమానంగానే.

"బర్రెకేసినం అన్నా" అంది అత్తమ్మ.

నాకు నవ్వు వస్తోంది గాని బాపుకు కోపం వచ్చింది. "అంటే దోషం దాసిపెట్టి నా బిడ్డను చేసుకున్నరన్నట్టు. ఇంత మోసమా చెల్లె?"

అప్పుడు మా అమ్మ బాపు చొక్కా పట్టి లాగింది. "నువ్వు జర ఊకో."

బాపు వెంటనే ఊరుకున్నాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అమ్మ ఊకొమ్మంటే ఆయన ఊరుకోవడం నేను చూడలేదు.

"ఎందుకు ఊకోవాలె అమ్మా?" అన్నాను.

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "మనం మాత్రం చెప్పినమా బిడ్డా? నువ్వు డిగ్రీల ఉన్నప్పుడు కడవకు పూజ చేపిచ్చినం, యాదికున్నదా?"

"పరీక్షలు పాసు కావాల్నని చేసింది గదా?"

"పాసుకు గాదు. నీకు గూడ గదే దోషం. నీకు గా కడవతోని పెండ్లి చేసి, దాన్ని బాయిల ముంచినం."

అత్తమ్మే నెమ్మదిగా అంది: "ఇద్దరికుంటే దోషమే లెక్కలకు రాదట గదా వదినె. ఒక్క మాట చెప్తే అయిపోతుండె. చెట్టన్న బతుకుతుండె."

మధ్యాహ్నం నుంచి వంచిన తలను మా ఆయన అప్పుడు మెల్లగా ఎత్తాడు. నా వైపు చూడలేదు. మర్యాదగా మా బాపు వైపు తిరిగాడు.

"మంచోడేనా మామా? ఏమన్న తాగే అలవాటుండెనా?"

"నీళ్లే అల్లుడా" అన్నాడు బాపు. "నిండ తాగి మునిగిండు."

కాబట్టి నిండు మనసుతో, పాప తల మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో మా ఆయన పాత ఫోన్ ముట్టను, ముసుగులో ఉన్నవాళ్ల నడుములు కొలవను, మా పుట్టింటివాళ్లను పంచాయితీకి పిలవను. పైకి పోయాక ఆ కడవ ఎదురైతే మాత్రం దూరం నుంచే ఒక దండం పెట్టి, గబగబా మా ఆయన వెనకాలే నడుస్తాను.