స్కూటర్ తాళం దాచిన మా వదిన

పోయిన నెల ఒక పొద్దున మా అన్న ఫోన్ చేశాడు. "మీ వదినె పోయిందిరా" అన్నాడు. ఆ వెంటనే ఆయనే అన్నాడు: "ఏడుపొస్తలేదు. ముందుగాల భయమైతాంది. ఇల్లు జూస్తేనే భయమైతాంది."

భార్య పోయిన గంటలో తన లోపల ఏమవుతోందో అంత సరిగ్గా చెప్పగలిగే మగవాళ్లు మచ్చ బొల్లారంలో ఎందరుంటారో నాకు తెలియదు. మా ఇంట్లో మాత్రం అందరం చెప్పగలం. ఆ చదువు మాకు చెప్పింది ఆ పోయిన మనిషే.

వదినది శామీర్‌పేట. వాళ్ల నాయిన చెరువులో చేపలు పట్టేవాడు. తొంభైల్లో మా ఇంటికి కోడలిగా వచ్చేనాటికి డిగ్రీ సగంలో ఉంది. దాన్ని దూరవిద్యలో పూర్తి చేస్తానని పట్టుబట్టింది. తీసుకున్నది సైకాలజీ. ఆదివారం క్లాసుకు వెళ్లి వచ్చి, విన్న పాఠాన్ని సోమవారం మా మీద ప్రయోగించేది. ఆ పుస్తకాలన్నిటికీ పసుపు మరకలే. "మా కోడలు పిచ్చోళ్ల సదువు సదువుతాంది" అని అమ్మ వాడకట్టంతా చెప్పుకుని వచ్చింది. వదిన ఏమాత్రం నొచ్చుకోలేదు. "అవునత్తమ్మా, ఇంట్లనే గింతమంది ఉన్నరు, బయటికి పోయే పని లేకపాయె" అంది.

ఆమెకు గిట్టని మాట ఒకటుంది: టెన్షన్. ఎవరి నోట ఆ మాట వచ్చినా చేస్తున్న పని ఆపేసేది. "టెన్షన్ అంటే ఏంది? కోపమా, సిగ్గా, భయమా? పేరు వెట్టి చెప్పు. అంగట్లకు పోయి కూరగాయ ఇయ్యమంటే ఎవరిస్తరు? బీరకాయ అంటే ఇస్తరు." మొదట్లో అందరం విసుక్కునేవాళ్లం. ఒకరోజు అమ్మ గిన్నెలు ఎత్తి పడేస్తుంటే వదిన వెళ్లి అదే అడిగింది. అమ్మ చేతిలో గిన్నె పట్టుకునే ఆలోచించి, "కోపం గాదే. నా మాట ఈ ఇంట్ల ఎవ్వలు ఇంటలేరని దుఃఖం" అంది. ఆ సాయంత్రం నాయిన దుకాణం నుంచి జల్దీ వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాడు. మా ఇంట్లో అంతకుముందు జరగని సంగతి అది.

ఇక నా సంగతి. రెండు వేల సంవత్సరం దాటాక నాకు కండ్లకోయలో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. నాయినది స్కూటర్లు బాగుచేసే దుకాణం. కొడుకు ఇంజనీరవుతాడని వచ్చిన ప్రతి బండివాడికీ చెప్పేవాడు. మొదటి సంవత్సరంలోనే ఒకరోజు కాలేజీ బస్సు బొల్లారం రైల్వే గేటు దగ్గర ఆగింది. గూడ్సు బండి కదలదు, బస్సు నిండా జనం. ఉన్నట్టుండి నా గుండె దడదడలాడింది, ఊపిరి ఆడలేదు, వేళ్లు తిమ్మిరెక్కాయి. చచ్చిపోతున్నాననుకున్నాను. కిందికి దూకి ఫోన్ డబ్బా వెతుక్కుని నాయినకు చెప్పాను. ఆయన స్కూటర్ మీద వచ్చి తీసుకెళ్లాడు. డాక్టరు పరీక్షలన్నీ చేసి గుండె దివ్యంగా ఉందన్నాడు. అమ్మ దిష్టి తీసి తాయెత్తు కట్టించింది. "ఉండనీ, మెడకేం బరువు" అంది వదిన.

అక్కడితో ఆగితే బాగుండేది. బస్సెక్కినప్పుడల్లా అదే తంతు. నేను ఫోన్ చేయడం, నాయిన చేతులకు గ్రీజు తుడుచుకోకుండానే రావడం. స్కూటర్ వెనక కూర్చోగానే ఊపిరి ఆడేది. పోనుపోను పొద్దున బస్సు పేరెత్తితేనే గుండె కొట్టుకునేది. హాజరు తగ్గి ఈ సంవత్సరం పోతుందని కాలేజీవాళ్లు చెప్పేశారు. చదువు మానేసి దుకాణంలో కూర్చుంటానని నేను తేల్చేశాను. నాయిన సరే అనబోతున్నాడు.

అప్పుడు వదిన స్కూటర్ తాళం తీసి దాచింది.

"చావి ఏది?" అన్నాడు నాయిన.

"నా దగ్గరున్నది మామా. ఇగ ఫోను వస్తే మీరు పోవద్దు."

"పోరని పానం పోతే ఎవలు తెస్తరు?"

"పోదు. డాక్టర్ చెప్పిండు గదా. పోతదని అనిపిస్తది, గంతే. అనిపిచ్చుడు వేరు, అయ్యుడు వేరు." గొంతు పెంచలేదు, చూపు దించలేదు. "మీరు కొడుక్కు సాయం జేస్తున్న అనుకుంటున్నరు. గాని వాని భయానికి చేస్తున్నరు. లొల్లి వెడితే స్కూటరొస్తదని గా భయం నేర్చుకున్నది. స్కూటర్ రాకపోతే ఏమైతదో పిలగానికి తెల్వనే లేదు."

"కోడలు పిల్లవు, నాకు నేర్పుతవా?" అని నాయిన ఆ పూట అన్నం ముట్టలేదు. వదిన కూడా తినలేదు. తాళం మాత్రం ఇవ్వలేదు.

మర్నాటి నుంచి నన్ను సిటీ బస్సెక్కించి తనూ ఎక్కింది. మొదట రైల్వే గేటు దాకా. అది అలవాటయ్యాక కొంపల్లి దాకా. ఆ తర్వాత కండ్లకోయ. గుండెదడ మొదలవగానే నేను లేవబోతే చెయ్యి పట్టి కూర్చోబెట్టేది. ఏం కాదు అని ఒక్కసారి కూడా అనలేదు. "ఏడున్నది? గొంతులనా, ఛాతిలనా? ఉండనీ, దాన్ని ఎల్లగొట్టకు మర్దీ. వచ్చినంక అది ఎక్కుతది. ఎక్కి ఎక్కి దానికే అలుపొస్తది. దిగేటప్పుడు నువ్వు ఈ సీట్లనే ఉండాలె." దిగేది. నిజంగానే దిగేది. చెమటతో తడిసిన చొక్కాతో, అదే సీట్లో, అది దిగిపోవడం చూశాను. నా జీవితంలో అంతకు మించిన పాఠం ఏ కాలేజీలోనూ వినలేదు. ఇప్పుడు మేడ్చల్ దగ్గర ఫ్యాక్టరీలో ఇంజనీరుగా పనిచేస్తున్న నేను ఈ మాట పూచీపడి చెప్పగలను.

చివరికి కాలేజీ బస్సు రోజు వచ్చింది. అందులో బయటివాళ్లను ఎక్కనివ్వరు. స్టాపు దాకా వదిన వచ్చింది. నేను ఎక్కి వెనక అద్దం పక్కన కూర్చుని, ఆమె చెయ్యి ఊపుతుందని, కనీసం తల ఊపుతుందని చూశాను. ఆమె పక్కనున్న బండి దగ్గర ఒక జామకాయ కొని, బస్సు వైపు వీపు పెట్టి నిలబడి తినడం మొదలుపెట్టింది. నాకు ఒళ్లు మండింది. నా ప్రాణం మీదికి వస్తే ఈమెకు జామకాయ రుచి కావలసి వచ్చిందా అనుకున్నాను. రైల్వే గేటు దగ్గర భయం రానే వచ్చింది. ఎక్కింది, అలిసింది, కొంపల్లి దాటేసరికి దిగింది. కాలేజీ గేటు ముందు అందరితో పాటే దిగాను.

వదిన పోయిన పదో రోజున ఇంటికొచ్చిన చుట్టాలకు ఈ కథంతా చెప్పి, జామకాయ దగ్గర అందరినీ నవ్వించాను. అన్న ఒక్కడే నవ్వలేదు.

"జామకాయనా? మీ వదినె జామకాయ తినదురా. కొరికితే ఆమెకు నోట్ల పండ్లు జివ్వుమంటయి. పెండ్లయినకాడికెళ్లి ఎన్నడు ముట్టంగ సూడలే" అన్నాడు.

నాకు అప్పుడు ఏడుపొచ్చింది. బస్సు మలుపు తిరిగేదాకా ఆమె వైపే చూస్తూ ఉన్నాను కదా, ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. తిరిగి ఉంటే ఆమె చూపే నాకు ఇంకో స్కూటరయ్యేది. రోడ్డు పక్కన, కొంగు నడుముకు దోపుకుని, ఆ పచ్చి కాయను కొరుకుతూనే ఉంది.