మాస్టరు తప్పు, పిల్ల ఒప్పు

ఆ రోజుల్ల దోహాల మనుషులు రెండే తీర్లు: ఎండల పనిచేసేటోళ్లు, ఏసీల పనిచేసేటోళ్లు. పెట్రోల్ పైసలతోటి ఊరంత ఒక్కసారే లేస్తుండె. ఎటు చూసినా క్రేన్లు, ఇసుక, మనోళ్ల తలగుడ్డలు. నేను అల్ రయ్యాన్ దిక్కు ఒక సైట్ల లారీలకెంచి ఇనుప కడ్డీలు దింపించే డ్యూటీల ఉంటుంటి. (మా అమ్మ మాత్రం ఊళ్లె "మా కొడుకు దుబాయ్ల పెద్దాఫీసర్" అని చెప్పుకుంటుండె. అది దుబాయ్ కాదు, నేను ఆఫీసర్నీ కాదు. కొడుకునన్నది మాత్రం నిజమే.) నన్ను అక్కడికి పిలిపించింది మా బావ, అంటే మా అక్క మొగడు. అదే కంపెనీల మేస్త్రి. నా కాగితాలల్ల "ఇంగ్లీష్ బాగొస్తది" అని రాయించింది గూడ ఆయనే. "ఎవరన్న మాట్లాడమంటె ఎట్ల బావా?" అంటె, "సైట్ల నీతోని ఇంగ్లీష్ మాట్లాడేదెవర్రా? క్రేనా?" అన్నడు.

మాట్లాడేటోడు రానే వచ్చిండు. మా మేనేజర్ సాబ్ హైదరాబాదాయన. ఒకనాడు ఎండల గొడుగు పట్టుకొని నా దగ్గరికొచ్చి, "క్యా మియా, నీకు ఇంగ్లీష్ బాగొస్తదంట గదా? మా బిడ్డ మూడో తరగతి. రాస్తది, చదువుతది, క్లాసుల నోరు మాత్రం తెరవది. నోటి పరీక్షల మాట్లాడకుంటె మళ్ల అదే క్లాసుల కూసోబెడ్తమన్నరు. శుక్రవారం శుక్రవారం వచ్చి జర చెప్పు. పాసయితె నిన్ను ఆఫీసుల వేస్త" అన్నడు. ఆఫీసంటె ఏసీ. ఆ ఎండల ఏసీ చూపిస్తె ఇంగ్లీషేంది, చీనా భాష గూడ చెప్తనంటుంటి.

దోహాలనే ఉమ్ ఘువైలినా అనే పేటల వాళ్ల ఫ్లాటు. పిల్లకు ఎనిమిదేండ్లు, రెండు జడలు, ముందటి పన్ను ఒకటి లేదు. మొదటి శుక్రవారమంత నేను చెప్పుడే, ఆమె చూసుడే. రెండో శుక్రవారం మా ఊరి సారు చెప్పింది యాదికి తెచ్చుకొని, "అచ్చు ముందట యాన్, హల్లు ముందట ఎ. యాన్ యాపిల్, యాన్ ఎగ్, యాన్ యూనివర్సిటీ" అని దర్జాగ చదువుతున్న. పిల్ల తలకాయ లేపింది.

"ఎ యూనివర్సిటీ" అన్నది.

"యు అచ్చే గదా బిడ్డా?"

"అక్షరం కాదు సార్, పలికేది చూడాలె. యూ అని పలికితె ఎ."

పరదా వెనుక నుంచి వాళ్లమ్మ కిసుక్కుమన్నది. "శభాష్! నీకు తెలుసా లేదా అని చూసిన" అన్న. (చూసుడు లేదు పాడు లేదు. నాకు నిజంగనే తెల్వదు.)

గప్పుడు సమజైంది: ఒప్పు చెప్తె ఈ పిల్ల నోరు తెరవది, తప్పు చెప్తె ఊకోదు. ఇగ ఆ రోజు నుంచి కావాలని తప్పులు చెప్పుడు మొదలువెట్టిన. "గో, గోడు, గోన్" అంటె, "గో, వెంట్, గాన్" అని గయ్యిమంటుండె. తర్వాత అక్షరాల పొడుపుకథలు. తాగే అక్షరమేది? "టీ!" కుట్టే అక్షరం? "బీ!" చూసే అక్షరం? నేను సీ అనుకున్న, పిల్ల ఐ అన్నది. సీ అంటె చూసుడు అని నేను, చూసేది కన్నే గదా అని ఆమె. అరగంట కొట్లాడినం. ఆఖరికి వాళ్లమ్మ "ఇద్దరిదీ సహీ, చాయ్ తాగుండ్రి" అని తీర్పిచ్చింది.

పరీక్ష నాడు సాబ్ నన్ను గూడ స్కూలుకు తోలుకపోయిండు. టీచరమ్మ మెల్లగ, నవ్వుకుంటనే అడిగింది, సెలవులల్ల ఏం చేసినవని. పిల్ల నేల చూపులు చూస్తున్నది. ఇంకోమాట అడిగింది. ఊహూ. టీచరమ్మ కలం కాగితం మీదికి దిగుతున్నది. సాబ్ మొఖం చిన్నబోయింది. ఏసీ సంగతి ఆ గడియల యాదికే లేదు, పిల్ల కండ్లల్ల నీళ్లే కనిపిస్తున్నయి. తలుపు కాడికెంచి ఆగలేక అరిచిన: "మేడమ్! షీ ఈజ్ యాన్ గుడ్ గర్ల్! షీ కెన్ స్పోక్!"

పిల్ల గిర్రున తిరిగింది. "నాట్ యాన్! ఎ గుడ్ గర్ల్! నాట్ కెన్ స్పోక్, కెన్ స్పీక్!" అని మొదలువెట్టి, కెన్ తర్వాత క్రియ ఎట్లుండాల్నో, యాన్ ఎక్కడ రావాల్నో, ఈ సారుకు ఎన్నిసార్లు చెప్పినా ఎట్ల మతికుండదో, మొత్తం ఇంగ్లీషులనే టీచరమ్మకు చెప్పింది. ఆపుదమంటె ఆగలె. టీచరమ్మ నవ్వలేక చచ్చింది. పిల్ల పాసయింది.

బయటికొచ్చినంక సాబ్ నా భుజం తట్టి, "క్యా దిమాగ్ హై మియా! సమయం చూసి తప్పు వదిలినవ్" అన్నడు. నేను వినయంగ తలవంచుకున్న. వారం తిరగకముందే ఆఫీసుల కుర్చీ వేసిండ్రు. ఆ చలికి మొదటి రోజే జలుబు పట్టి, టీ వేళకు డాబా మీదికి పోయి ఎండ కాగిన.

మనసుల గుంజుతనే ఉండె. తర్వాతి శుక్రవారం పిల్లను పక్కకు పిలిచి మెల్లగ చెప్పిన. "బిడ్డా, ఆనాడు స్కూల్ల నేను కావాలని తప్పు మాట్లాడలె. నాకు నిజంగనే రాలె."

"నాకెరుకే సార్" అన్నది, పెన్సిల్ చెక్కుకుంటనే. "కావాలని తప్పు చెప్పెటప్పుడు మీ మీసం కింద నవ్వుంటది. ఆ రోజు లేదు."

"మరి మీ డాడీకి చెప్పలేదేంది?"

"చెప్తె మిమ్మల్ని ఎండలకు పంపిస్తడు గద."

ఇప్పుడు నాకు అరవై దాటినయి. అద్దం ముందట నిలబడితె ఒక్కోసారి ఆనాటి పిలగాడు కనిపిస్తడు. కొత్త షర్టు, జేబుల పెన్ను, ఎనిమిదేండ్ల పిల్ల ముందట దొరికిపోయి తల గోక్కుంటున్నడు. పాపం, మంచోడే. ఇంగ్లీషే జర తక్కువ.