పన్నెండు అడుగుల ఇంకుడు గుంత

సంగప్ప మేస్త్రీ గురించి చెప్పాలంటే ముందు నా మీద నాకే అసహ్యం వేస్తుంది. అయినా చెబుతాను.

2003లో పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీ కొత్త షెడ్డు కడుతుంటే నేను సైటు ఇంజనీరుని. సంగప్ప ఆ సైటులో మేస్త్రీ; అతని తాత, తండ్రి బావులు తవ్వినవాళ్లు. చుట్టుపక్కల బోర్లన్నీ చెడిపోయినా, మా ప్రహరీ అవతలున్న అతని ఇంటి బోరు మాత్రం తీయటి నీళ్లిచ్చేది. మధ్యాహ్నం అన్నం తిన్నాక నేను అక్కడికే పోయేవాణ్ణి. అతని భార్య ముత్యమ్మ చెంబు కడిగి మరీ ఇచ్చేది.

ఆ ఏడు మా ప్రాజెక్టు మేనేజరు సూర్యారావుకి పర్యావరణం పూనింది. పచ్చట్ట ఫైలొకటి తయారైంది. వాన నీరు ఇంకడానికి ప్రహరీ వెంట నాలుగు గుంతలు, ఒక్కోటి ఆరడుగులు. నక్షా చూసి సంగప్ప నవ్వాడు.

“ఆరడుగులకు మొరం గూడ దాటదు సార్. గిదేం ఇంకుడు? పన్నెండు తవ్వుత. మా బోరుకు గూడ జెర ఊట దొరుకుతది.”

అదనపు కూలి రాదన్నాను. అక్కర్లేదన్నాడు. రాయి, కంకర, ఇసుక వరుసగా పరిచాడు. తన బోరు నీళ్లే పది బిందెలు మోసుకొచ్చి పోసి, అంచున గొంతుక్కూర్చుని బీడీ ముట్టించాడు. బీడీ అయ్యేలోపు నీళ్లు ఇంకితే గుంత మంచిదని వాళ్ల నాన్న లెక్కట. సగం బీడీకే గుంత ఖాళీ అయింది. సంగప్ప ముఖం చూడాలి ఆ రోజు!

తనిఖీ వాళ్లొచ్చి ఫోటోలు తీసుకున్నారు. కంపెనీకి షీల్డు వచ్చింది.

నెల తిరగకుండానే సూర్యారావు నన్ను పిలిచాడు. పాత బ్లాకులో యంత్రాలు కడిగిన మురికినీళ్లను శుద్ధి కోసం ట్యాంకర్లలో పంపడం దండగని తోచిందట.

“మేస్త్రీ గుంతలు బ్రహ్మాండంగా ఇంకుతున్నాయి కదయ్యా, పైపు అటు తిప్పించు” అన్నాడు, పుల్లతో పళ్లు కుట్టుకుంటూ.

తిప్పించాను. కాగితం మీద సంతకం కూడా పెట్టాను. ఆ రోజు నుంచి ముత్యమ్మ ఇంట్లో నీళ్లు తాగడం మానేశాను. నేను మానేశాను గానీ, వాళ్లను మానమని చెప్పలేదు. ఎంత నీచుణ్ణో చూడండి.

మూడు నెలలకు బోరు నీళ్లు పసుప్పచ్చగా మారి మందుకంపు కొట్టాయి. సంగప్ప పట్టపగలే వచ్చి గుంతల మూతలెత్తి వాసన చూశాడు.

“ఎవడు తిప్పిండు సార్ గీ పైపు?”

“నాకు తెలీదు” అన్నాను.

సంగప్ప ఇంటికెళ్లి తన సిమెంటు, తాపీ తెచ్చుకుని పైపు మూతి పూడ్చడం మొదలుపెట్టాడు. సూర్యారావు వాచ్‌మన్ల చేత గెంటించాడు. పూడ్చినదాన్ని పగలగొట్టించింది నేనే.

సైటు పని ముగిసి వెళ్లిపోయే రోజు వాళ్లింటికి వెళ్లాను. ముత్యమ్మ ఎప్పట్లాగే చెంబు కడిగి, మూలనున్న క్యాన్‌లోంచి నీళ్లు వంచి ఇచ్చింది.

“తాగుండ్రి సార్, కొన్న నీళ్లే. ఎవరన్న వస్తే పనికొస్తయని పెట్టినం.”

“మరి మీరు?”

“మాకేంది సార్, బోరుదే. అలవాటైంది.”

గడప మీద కూర్చున్న సంగప్ప చేతిలో బీడీ ఆరిపోయి ఉంది.

“మీరు చెప్పినట్టు ఆరడుగులే తవ్వితే అయిపోతుండె సార్” అన్నాడు. “నేనే ఆశకు పోయి లోతు తవ్విన. తప్పు నాదే.”

అప్పుడైనా చెప్పాల్సింది. చెంబు ఖాళీ చేసి, బస్సుకు టైమైందని లేచాను.