మూడు ట్వీటర్లు

మొన్న ఫోను చార్జింగు పిన్ను పాడైతే బెజవాడ బీసెంట్ రోడ్డు పక్క సందులో ఉన్న ఒక రిపేరు కొట్టుకి తీసుకెళ్లాను. కొట్టు మనిషి కంటికి భూతద్దం తగిలించుకుని, సోల్డరింగ్ ఐరన్ మొన బోర్డుకి ఆనించగానే సన్నగా పొగ లేచింది. కాలిన గుగ్గిలం వాసన, దాని అడుగున కరిగిన సీసం వాసన. పక్కనే పునుగుల బండి మీద నూనె కాగుతోంది, వెనక ఆటోలు హారన్లు కొడుతున్నాయి, అయినా ఆ పొగ ఒక్కటే నాకు తగిలింది. ఆ వాసన వస్తే మా నాన్న గుర్తొస్తాడు, నా పదకొండో ఏట ఆయనతో ఆడిన అబద్ధం గుర్తొస్తుంది. బజారులో ఇంకా పనులున్నా చేసుకోకుండా ఇంటికొచ్చేశాను.

మా నాన్న కంకిపాడు అవతల ఒక రైస్ మిల్లులో డ్రైవరు. డ్రైవరంటే బండి తోలేవాడు కాదు, మిల్లు నడిపించే మనిషిని మా వైపు అలాగే పిలిచేవారు. మిల్లు ఆవరణలోనే, వెనక గోడ వెంబడి వేసిన రేకుల గదుల్లో ఒకటి మా ఇల్లు. సీజను మొదలైతే ధాన్యం బళ్లు గేటు బయట రోడ్డు దాకా బారులు తీరేవి. ఉడికిన ధాన్యం ఆవిరి, బాయిలర్లో కాలే ఊక పొగ, గాలంతా తేలే తవుడు, అన్నీ కలిసి మా బట్టలకీ జుట్టుకీ చివరికి అన్నానికీ అంటుకునేవి. పిల్లలం ఊక గుట్ట ఎక్కి జారేవాళ్లం, లోపల నిప్పు రగులుతుంటుందని పెద్దవాళ్లు తిట్టినా వినేవాళ్లం కాదు. పొద్దున్నే మిల్లు నూకలతో అమ్మ ఉప్మా చేసేది, దానిలోకి చింతకాయ పచ్చడి. ఆ రుచి ఇప్పుడు ఎంత మంచి రవ్వ తెచ్చినా రావడం లేదు.

మిల్లు హోరు గురించి చెప్పకపోతే మిగతాదేదీ అర్థం కాదు. పొద్దున మొదలైన మోత పొద్దు గూకేదాకా ఆగేది కాదు. లోపల పనిచేసేవాళ్లు మాటలు మానేసి చేతులతో మాట్లాడుకునేవారు. పిడికిలి బిగిస్తే ఆపమని, అరచెయ్యి బోర్లిస్తే మెల్లగా వదలమని, వేళ్లు చూపిస్తే అన్ని బస్తాలని. ఎదుటివాడి పెదాలు కదిలే తీరు చూసి సగం మాట పట్టేసేవారు. ఇళ్లలో మేమందరం గట్టిగానే మాట్లాడేవాళ్లం, ఎవరైనా చుట్టాలొస్తే మొదటి పూట మేం పోట్లాడుకుంటున్నామని అనుకునేవారు. అలాంటి చోట ఒక మనిషికి వినికిడి తగ్గుతోందని ఎవరు పసిగడతారు? అందరూ అరుస్తారు, అందరూ పెదాలు చూస్తారు. మా నాన్న కూడా అందరిలాగే ఉండేవాడు.

పైగా ఆ మిల్లులో మా నాన్న చెవికి పెద్ద పేరు. ఎక్కడ బేరింగు పోతోందో ముందుగా ఆయనే చెప్పేవాడు. ఒక కర్ర ముక్క చివర యంత్రానికి ఆనించి, రెండో చివర చెవి వెనక ఎముకకి ఆనించుకుని కళ్లు మూసుకునేవాడు. మిల్లు యజమాని ఎవరితో మాట్లాడుతున్నా ఆపి, మా డ్రైవరు చెవి పెట్టాడంటే ఇక తిరుగు లేదని చెప్పుకునేవాడు. మాకు ఆ రేకుల గది ఉన్నదీ, పక్క గదుల వాళ్లు మమ్మల్ని గౌరవంగా చూసేదీ ఆ చెవి వల్లే అని నాకు అప్పటికే తెలుసు.

ఎండాకాలంలో మిల్లు ఆగిపోయేది. ఆ రెండు నెలలూ నాన్న రేడియోలు విప్పుతూ బిగిస్తూ గడిపేవాడు. ఆ ఏడు సొంతంగా స్టీరియో సెట్టు చేస్తానని బయల్దేరాడు. బజార్లో దొరికే సెట్లలో పాట దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు ఉందనీ, ఆ దుప్పటి తీసేసి వినాలనీ ఆయన కోరిక. అది విని అమ్మ నవ్వేది. నాకూ సరదాగానే అనిపించింది. ఆ దుప్పటి ఎక్కడ కప్పి ఉందో మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు.

సామాన్ల కోసం బస్సెక్కి బెజవాడ వచ్చేవాళ్లం. వన్ టౌన్లో తోపుడు బళ్ల మధ్య నుంచి, ఉల్లిపాయల గోనెల మీంచి దాటుకుంటూ వెళ్తే ఒక ఇరుకు సందు చివర మస్తాన్ గారి కొట్టు. తెల్లటి గడ్డం, చొక్కా జేబులో టెస్టరు, వెనక గోడ నిండా చిన్న చిన్న చెక్క సొరుగులు. ఏ సొరుగులో ఏముందో రాసి ఉండేది కాదు, ఆయన చెయ్యి దానంతటదే వెళ్లేది. నాన్న నన్ను ఎందుకు తీసుకెళ్లేవాడంటే, రెసిస్టర్ల మీది రంగు గీతల లెక్క నాకు ఆయనకంటే ముందు వచ్చేసింది. గోధుమ, నలుపు, ఎరుపు అని నేను చదువుతుంటే మస్తాన్ గారు తల ఊపి, నా అరచేతిలో ఒక పటికబెల్లం ముక్క పెట్టేవారు.

ఆయన వ్యాపారం చేసినట్టు ఉండేది కాదు, పాఠం చెప్పినట్టు ఉండేది. ముందు ట్రాన్స్‌ఫార్మర్ ఎంచుకోవాలి, మిగతా సెట్టంతా దాని మీద బతుకుతుందనేవారు. చేతిలో పెట్టి బరువు చూడమనేవారు, ఊపితే లోపల రేకులు కదిలిన చప్పుడు రాకూడదు. కండెన్సరైతే మీటరుకి తగిలించగానే ముల్లు ఒక్కసారి లేచి నెమ్మదిగా వెనక్కి రావాలి, లేచిన ముల్లు లేచినట్టే ఉంటే అది పనికిరాదు. సోల్డరింగ్ ఐరన్ ఒకటి చాలదు, సన్నని అతుకులకి చిన్నది, లావు తీగలకి పెద్దది. చిన్నదాన్ని కలం పట్టినట్టు పట్టుకుని చూసి, చెయ్యి బరువెక్కకపోతేనే తీసుకోవాలి. నాన్న ఆ మాటలన్నీ ఆయన నోటి వైపే చూస్తూ వినేవాడు. గురువు మీద భక్తి అనుకున్నాను నేను.

ఆవకాయ రోజుల్లో ఇంట్లో ఒక మూల కారం, ఆవపిండి, నూనె. ఇంకో మూల నాన్న, ఆయన పొగ. ఆ పొగ నా జాడీలకి పట్టిందంటే ఊరుకునేది లేదని అమ్మ బెదిరించేది. స్పీకరు పెట్టెకి వడ్రంగి చేత చెక్క కోయించాడు, లోపల కూరడానికి అమ్మ పాత దిండు విప్పి బూరుగు దూది ఇచ్చింది. ముందువైపు జాలీకి మిల్లులో అరిగిపోయి తీసేసిన జల్లెడ రేకు కత్తిరించి, ఇటుక పొడితో తోమి బిగించాడు. బియ్యం జారిన కన్నాల్లోంచి ఇక పాట వస్తుందని మేమంతా మురిసిపోయాం. పెట్టెలో కింద పెద్ద స్పీకరు, పైన అరచెయ్యంత కూడా లేని చిన్న స్పీకరు. ఆ చిన్నదాన్ని ట్వీటర్ అంటారు. తాళాలు, గజ్జెలు, పాటలో 'స' అన్నప్పుడు వినిపించే ఈల, అన్నీ పలికేది అదే.

సెట్టు వినాయక చవితి నాటికి పూర్తయింది. బయట ముసురు, లోపల ఉండ్రాళ్ల ఆవిరి, పూజ అవ్వగానే నాన్న స్విచ్చి వేశాడు. నేను అలాంటిది అప్పటిదాకా వినలేదు. పాడే ఆవిడ ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది, గజ్జెలు మా గదిలోనే కదిలినట్టున్నాయి. అమ్మ చేతిలో పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాన్న మాత్రం జాలీకి చెవి ఆనించి చాలాసేపు విని, ముఖం వేలాడేసుకుని వెనక్కి జరిగాడు. దుప్పటి అట్టానే ఉందన్నాడు. బాగానే ఉంది కదయ్యా అని అమ్మ అంటే, నీకేం తెలుసులే అని కసిరాడు. మిల్లంతా నమ్మే చెవి ఆయనది, మేమెవరం కాదనడానికి?

తరవాత వారమే ట్వీటర్ మార్చాడు. రెండోదీ పనిచెయ్యడం లేదన్నాడు. దసరాకి అమ్మవారి కొండ కింద జనం కిటకిటలాడుతుండగా, దర్శనం కూడా చేసుకోకుండా నన్ను వెంటబెట్టుకుని మూడో ట్వీటర్ కోసం వన్ టౌన్ వెళ్లాడు.  మస్తాన్ గారు కొత్తది విప్పి, తన కొట్టు సెట్టుకి తగిలించి, పెద్ద స్పీకరు తీగ పీకేశారు. ఇక మోగేది ట్వీటర్ ఒక్కటే. చిక్ చిక్ మంటూ సన్నగా, స్పష్టంగా తాళం వినిపిస్తోంది.

"ఇదీ పోయిందేనండీ," అన్నాడు నాన్న.

మస్తాన్ గారు ఆయన్ని చూశారు. వెనకాల రాగి తీగ చుట్ట చూడండి డ్రైవరు గారూ, ఎన్ని గజాలు కావాలి అని మామూలు గొంతుతోనే అడిగారు. నాన్న అప్పుడు ట్వీటర్ మీదికి వంగి ఉన్నాడు, ఆయన పెదాలు చూడటం లేదు. పలకలేదు.  నాన్న తలెత్తి నా వైపు తిరిగాడు.

"అమ్మాయ్, నీకు వినపడతందా?"

ఆ ముఖంలో భయం కనిపించింది నాకు. ఎప్పుడూ ఎవరినీ అడగని మనిషి నన్ను అడుగుతున్నాడు. వినపడుతోందంటే ఏమవుతుందో ఆ వయసుకి నాకు తెలిసినంత మటుకు తెలుసు. మిల్లు, గది, కర్ర ముక్క పట్టుకుని ఆయన కళ్లు మూసుకుంటే చుట్టూ ఆగిపోయే మనుషులు, అన్నీ కళ్లముందు కదిలాయి.

"నాక్కూడా వినపట్టంలా నాన్నా," అన్నాను.

ఆయన ముఖం తేటపడింది. మార్కెట్లో అంతా నకిలీ సరుకే వస్తోందని మస్తాన్ గారి మీద విసుక్కుని, టీ తాగొస్తానని బయటికి వెళ్లాడు. మస్తాన్ గారు నాతో కోపంగా మాట్లాడలేదు. అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

"ఇంటికెళ్లి అమ్మకి చెప్పు పాపా. డాక్టరుకి చూపించమను. ఆలస్యం చెయ్యొద్దని నేనన్నానని చెప్పు," అన్నారు.

సరేనన్నాను. చెప్పలేదు. ఆ రోజు చెబుదామనుకున్నాను, మర్నాడు చెబుదామనుకున్నాను, ఈలోగా కొత్త ధాన్యం వచ్చింది, మిల్లులో సీజను మొదలైంది. నాన్న సెట్టు మీద దుప్పటి కప్పి అటక మీద పెట్టేశాడు. దాని గురించి ఎవరన్నా ఎత్తితే, మా అమ్మాయిక్కూడా వినపళ్లేదండీ అని నన్ను సాక్ష్యం చూపించేవాడు. అలా చెప్పినప్పుడల్లా నేను అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోయేదాన్ని.

నాలుగేళ్లు గడిచాయి. ఒక మధ్యాహ్నం మిల్లు ఆవరణలో లారీ వెనక్కి వస్తోంది, లారీ తోలేవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు, నాన్న పక్కకి జరగలేదు. కాలు విరిగింది. కాలు చూపించడానికి తీసుకెళ్లిన ఆసుపత్రిలోనే చెవులు కూడా చూశారు. డాక్టరు కాయితం మీద రాసుకుంటూ, తల వంచుకునే మాట్లాడుతున్నాడు. నాన్నకి పెదాలు అందలేదు, ఏమంటున్నాడని నా వైపు చూశాడు. పోయిన వినికిడి రాదట నాన్నా, మోతలో పనిచెయ్యకూడదట అని గట్టిగా చెప్పాను. డాక్టరు ఇంకో మాట కూడా అన్నాడు. మూడు నాలుగేళ్ల కిందటే మోతకి దూరంగా ఉండుంటే అప్పటికి ఉన్నదన్నా మిగిలేదని. అది మాత్రం నేను నాన్నకి చెప్పలేదు.

మిల్లు మానేశాడు. గది ఖాళీ చేసి పటమటలో చిన్న వాటాలోకి మారాం, అమ్మ కుట్టుమిషను పెట్టుకుంది. మారిన కొత్తలో ఒక సాయంత్రం నాన్న ఆ సెట్టు దించి, దుమ్ము దులిపి, తీగలు తగిలించాడు. నన్ను పిలిచి, సన్నని స్వరాలు పెంచి తగ్గించే ట్రెబుల్ బటన్ చూపించాడు.

"నీ చెవికి ఎక్కడ బాగుంటే అక్కడ పెట్టమ్మా," అన్నాడు.

ఆ సెట్టు నాక్కూడా వినపడలేదని నాలుగేళ్లుగా ఊరందరికీ చెప్పిన మనిషి ఆ మాట అన్నాడు.  బటన్ తిప్పి ఒకచోట ఆపాను. ఆయన అమ్మ గోళ్లరంగు సీసా తెచ్చి అక్కడ ఎర్రగా గీత పెట్టాడు. అప్పట్నుంచీ రోజూ ఆ గీతకే పెట్టుకుని, పెట్టె మీద అరచెయ్యి ఆనించుకుని కూర్చునేవాడు. నా అబద్ధం సంగతి మస్తాన్ గారు చెప్పారో, తనే లెక్క కట్టుకున్నాడో నాకు తెలియదు. నన్ను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేసేదాన్ని. పదహారేళ్లు అలా అడక్కుండానే ఉండి, ఆ తరవాత పోయాడు.

ఇప్పుడు ఆ మిల్లు లేదు, ఆ స్థలంలో ప్లాట్లు వేసి రాళ్లు పాతారు. మస్తాన్ గారూ లేరు, ఆయన సందులో ఫోను కవర్లూ సీరియల్ లైట్లూ అమ్ముతున్నారు. ట్రాన్స్‌ఫార్మర్ చేతిలో పెట్టి బరువు చూసేవాళ్లు, మీటరు ముల్లు లేచి దిగేదాకా ఊపిరి బిగబట్టేవాళ్లు ఎవరూ కనబడరు. పెద్ద సెట్టు చేస్తున్న నాన్నకి రంగులు చదివిపెట్టే కూతుళ్లూ ఉన్నట్టు లేరు. పోయినవాటిలో మా నాన్న నాలుగేళ్ల వినికిడి కూడా ఉంది, దాన్ని నేను ఏ మిల్లు మీదా నెట్టలేను.

నిన్న రాత్రి భోజనాల దగ్గర మా అమ్మాయి హారిక ఉన్నట్టుండి తినడం ఆపింది. ఇంటరు చదువుతోంది అది.

"అమ్మా, వాషింగ్ మెషీన్ ఇందాకట్నుంచి బీప్ కొడతంది. నీకు వినపట్టంలా, కదా? రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం, నేనూ వస్తాను," అంది.

చారు కలుపుకుంటూనే అంది. అనేసి మళ్లీ తినడం మొదలుపెట్టింది. మా ఇల్లేమీ కూలిపోలేదు.