బాపు ఇచ్చిన భరిణె

అల్మారా సర్దుతుంటే చీరల అడుగున చిన్న కొయ్య భరిణె దొరికింది. మూత తీయగానే పాత వార్నిష్ వాసనతో పాటు తంబాకు ఘాటు ముక్కుకు తగిలింది. ఆ ఘాటు మా అవ్వ వేళ్లది; అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలిచేదాన్ని.

నా చిన్నప్పుడు దుబాయి నుంచి వచ్చిన బాపు, పెళ్లాం నచ్చలేదని విడాకుల కేసు వేసి, అవ్వనూ నన్నూ నిర్మల్‌లోని అమ్మమ్మ ఇంటికి తోలేశాడు. ఆ వానాకాలమంతా కుంపటి మీద కాలే మక్కకంకుల వాసనా, తడిపిన తునికాకు వాసనా ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి. అవ్వ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంటే, అమ్మమ్మ దారం కడుతుంటే, నేను పక్కన కచ్చకాయలాడుతూ వాళ్ల మాటలు వినేదాన్ని.

"పైసలు రాకుంటే దసరా ఎల్లినంక పోరిని బడి మాన్పియ్యి. దానికీ ఓ చాట ఇద్దాం" అనేది అమ్మమ్మ. అవ్వ తలెత్తకుండా ఆకు కత్తిరించేది. నాకు భయమేసేది.

ఒకరోజు వకీలు సాబ్ చెప్పాడు. "కేసు తెగేదాంక ఉపాసముంటరా అమ్మా? అప్పటిదాంక నీకు, పిల్లకు మధ్యంతర భరణం ఇయ్యాలని అడుగుదాం."

భరణమంటే మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. నాకు మాత్రం తెలుసుననుకున్నాను. భరిణె! మా వీధి చివర బొమ్మలు చేసేవాళ్లు పొణికి కర్రను చెక్కి, రంగులద్ది, బంగారు పూలు వేసి అమ్మే కుంకుమ భరిణె. జడ్జిగారు బాపు చేత అలాంటిది ఇప్పిస్తారనీ, అది వస్తే నా బడి ఆగదనీ, బతుకమ్మ నాడు రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్ద చేత పట్టుకుని, మూతి నిండా సత్తుపిండితో దోస్తులందరికీ చెప్పుకున్నాను.

వాయిదా నాడు బాపు వచ్చాడు. పెళ్లిళ్లలో అత్తరు పూసుకుని, మెరిసే గడియారం అందరికీ కనబడేలా చెయ్యి ఊపుతూ తిరిగే ఆ షోకుల రాయుడు, మాసిన గడ్డంతో, వెలిసిన అంగీతో, ఎవరివో కాలికి చాలని చెప్పులతో దిగాడు. జడ్జి ముందు చేతులు కట్టుకుని, "కూలికి పోతున్న సారూ, నాకే తిననీకి లేదు" అని ఏడుపు గొంతు పెట్టాడు. గడియారం తీసేసిన చోట మణికట్టు మీద తెల్లటి మచ్చ అవ్వ పక్కన నిలబడ్డ నాక్కూడా కనిపించింది. అబద్ధం కూడా సరిగ్గా ఆడలేని మనిషి.

బయటికి రాగానే పరుగెత్తాను. "బాపూ, మా భరిణె ఇస్తవా?"

ముందు బాపుకు అర్థం కాలేదు. అర్థమయ్యాక పడి పడి నవ్వాడు. ఎదుటి దుకాణంలో ఒకటి కొని, తన వెంట వచ్చిన దోస్తులంతా చూస్తుండగా నా చేతిలో పెట్టాడు. "గిదో, భరణం ఇచ్చిన. ఇగ కోర్టుకు రావద్దని మీ అవ్వకు చెప్పు."

సంబరంగా తీసుకెళ్లి అవ్వకిచ్చాను. ఆమె దాన్ని విసిరికొట్టలేదు. "మంచిగున్నది బిడ్డా" అంది. తర్వాత అందులో బీడీల దారం పెట్టుకుంది.

జడ్జిగారు నెలనెలా ఇమ్మన్నారు. బాపు మొదట్లో కాస్త ఇచ్చి, మళ్లీ దుబాయి విమానమెక్కాడు. నన్ను చదివించింది అవ్వ చాటే.

ఇప్పుడు అవ్వ లేదు, అమ్మమ్మ లేదు. ఆ వీధిలో ఆకు తడిపే ఇల్లు ఒక్కటీ మిగల్లేదు. బాపు మాత్రం నిక్షేపంగా ఉన్నాడు. మొన్న కోర్టు నోటీసు పంపాడు. ముసలివాడయ్యాడట, కూతురు తనను పోషించాలని కేసు వేశాడు; అది తేలేలోగా మధ్యంతర భరణం ఇవ్వాలట.

"ఓ భరిణె కొని పంపరాదు?" అని మా ఆయన నవ్వాడు.

పంపను. అలాంటి పనులకు మా ఇంట్లో బాపు ఒక్కడు చాలు. వాయిదాకు వెళ్తాను, జీతమెంతో ఉన్నదున్నట్టు చెబుతాను. చేతికి గడియారం పెట్టుకునే వెళ్తాను.