టమాటా కుప్ప ముందు గుడ్ మార్నింగ్

"సంగటి దొరుకుతాదా జేజీ ఆడ?" అని నిన్న ఫోన్లో అడిగావు. దొరుకుతుంది తల్లీ. రాగులతో కాదు, పులిసిన మొక్కజొన్న పిండితో చేస్తారు, బాంకూ అంటారు. ముద్ద మాత్రం అచ్చం మనదే. నువ్వు ఉద్యోగానికి ఘానా పోతున్నావని విన్నప్పటినుంచీ నాకు కాలు నిలవడం లేదు. ప్రొద్దుటూరు ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ, నీకు చెప్పాల్సినవన్నీ పైకే అనుకుంటున్నాను. ఎల్లో ఫీవర్ సూది వేయించుకుని, ఆ పసుపు కార్డు పాస్‌పోర్టుతో పాటే పెట్టుకో. దోమతెర మరిచిపోవద్దు. కందిపప్పు, చింతపండు పట్టుకుపో. కారప్పొడి మోయనక్కరలేదు, వాళ్ల మిరపకాయ మన కడప నాలుకనే ఏడిపిస్తుంది. ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నేను చెప్పాల్సింది టమాటాల సంగతి.

రాష్ట్రం విడిపోయిన మరుసటేడు మీ తాత జమ్మలమడుగు దగ్గరి సిమెంటు ఫ్యాక్టరీ పని మానేసి, ఘానాలో టేమా అనే రేవు పట్నంలో పనికి కుదిరాడు. నేనూ వస్తానని పట్టుబట్టాను. "ఒక నెల చూస్తాం. నీకు పడకపోతే విమానం ఎక్కిచ్చి పంపిస్తా, మళ్ల ఏడ్చొద్దు" అన్నాడు. యాభై దాటినా పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు తప్ప వేరే లోకం చూడనిదాన్ని. అక్కడ దిగి, ఇంటి కిటికీ తీస్తే సముద్రం! తిరిగి పోవాలని నాకెందుకుంటుంది? పడి తీరాలని ఒట్టు పెట్టుకున్నాను.

మర్నాడే సంతకు పోయాను. వెడల్పాటి గడ్డి టోపీ పెట్టుకున్న ఒకామె టమాటాలు కుప్పలుగా పేర్చి కూర్చుంది. అక్కడ తూకం లేదు, కుప్పకింత అని ధర. నేను మన మార్కెట్లో చేసినట్టే వంగి, ఒక్కోటీ నొక్కి, కుప్ప చెదరగొట్టి, "మెత్తగా ఉన్నాయే, ఎంత?" అని వచ్చీరాని ఇంగ్లీషులో అన్నాను. సరుకుకు వంక పెట్టకుండా మనకు బేరం మొదలవదు కదా! ఆమె ధర చెప్పగానే మొహం తిప్పుకుని నాలుగడుగులు వేశాను, వెనక్కి పిలుస్తుందని. పిలవలేదు. పక్కవాళ్లతో వాళ్ల భాషలో ఏదో ఒక్క మాట అంది, వరసంతా పగలబడి నవ్వింది. తిరిగి చూసేసరికి కుప్పల మీద గుడ్డ. "అయిపోయాయి" అంది. పక్కామె కూడా, కొండంత సరుకు ముందర పెట్టుకుని, "అయిపోయాయి" అంది.

వారం రోజులు చింతపండు చారే గతి. "టికెట్టు చూడమంటావా ఏంది?" అని మీ తాత ఎత్తిపొడుపు. "యాడికీ పోను. టమాటా లేకుంటే బతకలేమా?" అన్నానే కానీ, లోపల శానా గుబులు. నెలలో పావు అప్పుడే అయిపోయింది. చివరికి మా కారు నడిపే ఆ ఊరి పెద్దాయనకు చెప్పుకున్నాను.

"అమ్మా, ముందు ఆమెను పలకరించారా?" అన్నాడు.

"నేను పోయింది టమాటాలకు, చుట్టరికానికి కాదు."

ఆయన నవ్వలేదు. "పలకరించకుండా ధర అడిగితే, అక్కడ మనిషే లేనట్టు కదమ్మా."

మర్నాడు పొద్దున్నే వరసకు కుడి చివర మొదలుపెట్టి ఒక్కొక్కరికీ గుడ్ మార్నింగ్ చెప్పుకుంటూ పోయాను. నిద్ర పట్టిందా, పిల్లలు బాగున్నారా అని అందరినీ అడిగాను. టోపీ ఆమెనూ అలాగే పలకరించాను. ఆమె టోపీ పైకి జరిపి, "మీ ఇంట్లో అందరూ బాగున్నారా?" అంది.

"బాగున్నారు. వారంగా టమాటా తినలేదు, అంతే!"

పకపకా నవ్వి గుడ్డ తీసింది. ఈసారి నేను కుప్పను ముట్టుకోలేదు. ఆమే సంచిలో పోసి, పైన ఇంకో మూడు వేసింది. మన కొసరే తల్లీ, వాళ్లు డ్యాష్ అంటారు! ఆ మూడింటినీ చేత్తో పట్టుకుని, ఇంటిదాకా పరుగులాంటి నడకతో వచ్చాను. నెల అనుకున్నది మూడేళ్లు ఉన్నాం.

వచ్చేసే రోజు ఆమె బాంకూ తింటూ "రా, తిను" అంది. పక్కన కూర్చుని ఆ గిన్నెలోనే చేయి పెట్టాను. "మొదటిరోజు నన్ను ఏమన్నావు?" అని అడిగాను. వరసంతా మళ్లీ అదే నవ్వు. ఆమె మాత్రం నా సంచిలో మూడు టమాటాలు వేసింది.

నువ్వు ఆ సంతకు పోతే అందరినీ పలకరించినాకే అడుగు. ఇన్నేళ్లకు వాళ్ల ముఖాలు ఒక్కొక్కటీ మసకబారుతున్నాయి, ఆ నవ్వు మాత్రం నిన్న విన్నట్టే ఉంది. ఇంతకీ, నన్ను ఏమని ఉంటుంది?